రజాయి కుట్టే చేతుల గౌరవం

చలికాలం రాగానే మన ఇళ్లలో రజాయిలు పెట్టెల నుండి ఎండకు చేరుతాయి. తెలుగునాట తరతరాలుగా ఆ వెచ్చదనాన్ని అందించినవారు మన సోదరులే. ప్రాంతాన్ని బట్టి వారిని దూదేకులవారని, నూర్‌బాషాలని, పింజారీలని, లద్దాఫులని పిలుస్తారు. దూది ఏకేవానిని అరబీలో 'నద్దాఫ్' అంటారు. ఆ పదమే ప్రజల నోట 'లద్దాఫ్' అయింది.

గింజ తీసిన దూది గడ్డలుగా ఉంటుంది. పూర్వం దూది రాశిపై పెద్ద విల్లును వేలాడదీసి, దాని నారిని కొయ్య గూటంతో కొట్టేవారు. నారి కంపించినప్పుడల్లా పోగులు విడివడేవి. దుమ్ము కిందికి రాలేది. దూది మేఘంలా పైకి లేచేది. పిదప మూడు వైపులా కుట్టిన గలీబును తిరగవేసి పరచి, దానిపై దూదిని సమంగా పేర్చి, చాపలా చుట్టి, తెరిచిన అంచు గుండా తిప్పితే దూది లోపలికి చేరేది. బెత్తంతో తట్టి ఎత్తుపల్లాలు సరిచేసి, పొడవాటి సూదితో వరుసలుగా కుట్టేవారు. కుట్టు వదులైతే దూది ఒక మూలకు జారుతుంది. మరీ బిగిస్తే పోగుల నడుమ గాలి నిలువదు. చలిని ఆపేది ఆ గాలే. కొన్నేళ్లకు దూది అణగిపోతే, విప్పి మళ్లీ ఏకితే చాలు.

ప్రళయదినాన పర్వతాలు ఏకిన ఉన్నివలె అవుతాయని దివ్యఖుర్ఆన్ 'అల్ ఖారిఅ' సూరా తెలుపుతుంది. దూదేకే చోట నిలిచి చూచినవారికి ఆ ఉపమానం కళ్లకు కడుతుంది.

ఇంతటి పనివారి పేరు ఊళ్లలో హేళన మాటగా మారింది. మరింత బాధాకరమైనది, పెళ్లి సంబంధాల వేళ ఆ పేరు వినగానే ముఖం తిప్పుకునేవారు మనలోనూ ఉండటం. మదర్సాలలో మేము గౌరవంతో ఉచ్చరించే ఫిఖ్హ్ పండితుల పేర్లు గమనించండి. హిజ్రీ 261లో మరణించిన ఇమాం ఖస్సాఫ్ పేరుకు చెప్పులు కుట్టేవాడని అర్థం. హిజ్రీ 370లో మరణించిన ఇమాం జస్సాస్ పేరుకు సున్నపు పనివాడని, హిజ్రీ 417లో మరణించిన ఇమాం ఖఫ్ఫాల్ పేరుకు తాళాలు చేసేవాడని అర్థం. వృత్తి పేరు వారి పాండిత్యానికి మచ్చ కాలేదు. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తమ చేతి కష్టంతోనే భుజించేవారని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రశంసించారు. ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయడాన్ని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని 'అల్ హుజురాత్' సూరా 11వ ఆయతు నిషేధించింది. లద్దాఫ్ అన్న పేరు మాత్రం చిన్నతనమెలా అవుతుంది?

ఏకే యంత్రం వచ్చి విల్లును మూలకు చేర్చింది; ఫోమ్ పరుపులు, మిల్లు కంబళ్లు వచ్చి పనినే తగ్గించాయి. దూది దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తున్నా ఆ పనిలో నిలిచినవారు ఇంకా ఉన్నారు. ఈ చలికాలం పాత రజాయిని పారవేయక వారికివ్వండి. చెమట ఆరకముందే కూలి చెల్లించండి. వారు మీ గడప వద్దకు వచ్చినప్పుడు మీ పిల్లల చేత ముందుగా సలాం చెప్పించండి.