జీతం ముట్టని రెజిమెంట్

అమెరికా అంతర్యుద్ధంలో నల్లవారికి సైన్యం తలుపులు బాహాటంగా తెరుచుకున్నది 1863లో. ఆ ఏడాది మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ నల్లజాతి వాలంటీర్లతో 54వ పదాతి రెజిమెంటును కూడగట్టాడు. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి గొప్ప వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ తన కొడుకులు లూయిస్, చార్లెస్‌లను అందులో చేర్పించాడు. మంగలి పని చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, పడవ పనివాళ్లు ఇతర రాష్ట్రాల నుంచీ తరలివచ్చారు. వారిలో ఎక్కువమంది స్వేచ్ఛగా బతుకుతున్నవారే. శత్రువైన దక్షిణాది సైన్యానికి చిక్కితే బానిసలుగా అమ్ముడుపోయే ప్రమాదం ఉందని తెలిసే వచ్చారు. అధికారులుగా మాత్రం తెల్లవారినే నియమించారు. రెజిమెంటును నడిపిన కల్నల్ రాబర్ట్ గౌల్డ్ షాకు అప్పటికి 25 ఏళ్లు.

1863 జులై 18 సాయంత్రం. దక్షిణాది వారి చార్లెస్టన్ రేవుకు కాపలాగా ఉన్న వాగ్నర్ కోట మీదికి రెజిమెంటు సైనికులు సుమారు 600 మంది కదిలారు. ఒకపక్క సముద్రం, మరోపక్క బురద నేల, మధ్యలో సన్నని ఇసుక దారి. గోడ పైకి ఎక్కిన షా అక్కడే కూలిపోయాడు. చనిపోయినవారు, గాయపడ్డవారు, పట్టుబడినవారు కలిపి 270 మందికి పైనే. కోట చేతికి రాలేదు. ఒళ్లంతా గాయాలైనా జెండాను నేలకు తగలనివ్వకుండా వెనక్కి తెచ్చిన సార్జెంట్ విలియం కార్నీకి దేశపు అత్యున్నత సైనిక పతకం అందింది. అదీ 1900లో!

కానీ ఈ రెజిమెంటు చేసిన అంతకన్నా కఠినమైన పోరాటం జీతం దగ్గర జరిగింది. చేరేటప్పుడు నెలకు 13 డాలర్లన్నారు. తీరా ఇవ్వబోయింది 10. అందులోనూ బట్టల కింద 3 డాలర్ల కోత. తెల్ల సిపాయికి 13 డాలర్లూ, పైగా బట్టల ఖర్చూ ఇచ్చేవారు. "అయితే మాకు అసలే వద్దు" అన్నారు వీళ్లు. తేడా డబ్బు తామిస్తామని మసాచుసెట్స్ ప్రభుత్వం ముందుకొచ్చినా తీసుకోలేదు. తమను సైనికులుగా గుర్తించాల్సింది దేశమని వాళ్ల పట్టు. ఇంటి దగ్గర భార్యాపిల్లలు పస్తులున్నా దాదాపు 18 నెలలు ఒక్క డాలరు ముట్టలేదు. యుద్ధం మాత్రం మానలేదు. కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్ సమాన జీతం కోరుతూ నేరుగా అధ్యక్షుడు లింకన్‌కే లేఖ రాశాడు. 1864లో ఫ్లోరిడాలోని ఒలస్టీ పోరులో గాయపడి శత్రువుకు చిక్కిన అతను ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో ప్రాణం విడిచాడు. పూర్తి జీతం రెజిమెంటు చేతికొచ్చింది ఆ తర్వాతే.

1897లో బోస్టన్ నడిబొడ్డున శిల్పి సెయింట్ గాడెన్స్ చెక్కిన స్మారకం వెలసింది. గుర్రం మీద షా, పక్కనే కవాతు చేస్తున్న నల్ల సైనికులు. దాని మీద ప్రాణాలర్పించిన తెల్ల అధికారుల పేర్లు అప్పుడే చెక్కారు. వారితో పాటు నేలకొరిగిన నల్ల సైనికుల పేర్లు చేరింది 1980లలోనే.