క్లోన్‌ల మధ్య రిమోట్ అమరికలను పంచుకోవడం

క్లోన్ చేయడమంటే ప్రాజెక్టు చరిత్రను మొత్తంగా మన కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడమని కిందటి భాగంలో తెలుసుకున్నారు. అయితే క్లోన్‌తో పాటు రిమోట్ల జాబితా రాదు. ఎందుకు రాదో, దాన్ని జట్టులో అందరికీ ఎలా అందించాలో ఈ భాగంలో చూద్దాం. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు చిన్న అక్షరాలు వాడండి.

1. సమస్య

బహదూర్‌పురాలో ఉండే మీరు, మీ స్నేహితుడు కలిసి ఒక ప్రాజెక్టు చేస్తున్నారనుకోండి. మీ స్నేహితుడి క్లోన్‌లో రెండు రిమోట్లున్నాయి: కళాశాల సర్వర్‌ను చూపే 'ఒరిజిన్', అసలు ప్రాజెక్టును చూపే 'అప్‌స్ట్రీమ్'. అతడు తన రిపాజిటరీని పెన్‌డ్రైవ్‌లోకి బేర్ క్లోన్‌గా తీసి ఇచ్చాడు. మీరు దాని నుంచి క్లోన్ చేసుకున్నారు.

ఇప్పుడు 'గిట్ రిమోట్ -వి' ఆదేశం ఇస్తే మీకు 'ఒరిజిన్' ఒక్కటే కనిపిస్తుంది. అది కూడా పెన్‌డ్రైవ్‌నే చూపుతుంది. మీరు పుష్ చేసిన పని పెన్‌డ్రైవ్‌లోకి చేరుతుంది. గడువు రోజున సర్వర్‌లో వెతికితే అది ఉండదు.

2. కారణం

రిమోట్ల చిరునామాలు '.గిట్' ఫోల్డర్‌లోని 'కాన్ఫిగ్' ఫైలులో ఉంటాయి. ఈ ఫైలు కమిట్ల చరిత్రలో భాగం కాదు. అందులో ఒకరి సొంత వివరాలు ఉండవచ్చు. పైగా గిట్ నడపవలసిన ప్రోగ్రాముల పేర్లు కూడా అందులో రాయవచ్చు. అది క్లోన్‌తో పాటు వచ్చేస్తే, ఇతరులు రాసిన ఆదేశాలు మీకు తెలియకుండానే మీ కంప్యూటర్‌లో నడుస్తాయి. కాబట్టి ఇది లోపం కాదు, రక్షణ.

3. పరిష్కార మార్గాలు

(అ) స్క్రిప్టు: 'గిట్ రిమోట్ యాడ్ అప్‌స్ట్రీమ్', ఆ తర్వాత చిరునామా, 'గిట్ రిమోట్ సెట్-యుఆర్ఎల్ ఒరిజిన్', ఆ తర్వాత సర్వర్ చిరునామా. ఈ రెండు వరుసలను ఒక ఫైలులో రాసి కమిట్ చేయండి. క్లోన్ చేసుకున్నవారు దాన్ని చదివి, ఒకసారి నడిపితే చాలు.

(ఆ) ఇన్‌క్లూడ్: 2012లో వచ్చిన 1.7.10 వర్షన్ నుంచి ఒక కాన్ఫిగ్ ఫైలులోకి మరో ఫైలును కలుపుకోవచ్చు. అదనపు రిమోట్లను 'రిమోట్స్.కాన్ఫిగ్' అనే ఫైలులో రాసి కమిట్ చేయండి. ప్రతి క్లోన్‌లో 'గిట్ కాన్ఫిగ్ ఇన్‌క్లూడ్.పాత్ ../రిమోట్స్.కాన్ఫిగ్' అని ఒకసారి ఇవ్వాలి. ఈ దారి '.గిట్' ఫోల్డర్ నుంచి లెక్కకు వస్తుంది కాబట్టి ముందు '../' తప్పనిసరి. ఈ ఫైలులో 'ఒరిజిన్'ను రాయవద్దు. రాస్తే పాత చిరునామా పోదు, దానికి రెండోది జతపడుతుంది.

రెండో మార్గంలో, ఫైలు మారినప్పుడల్లా పుల్‌తోనే కొత్త అమరికలు అమలులోకి వస్తాయి. సౌకర్యమూ, ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. ఆ ఫైలును మార్చగలవారందరినీ మీరు నమ్మగలిగినప్పుడే దీన్ని వాడండి. లేకుంటే స్క్రిప్టే మేలు.

4. సారాంశం

క్లోన్ చరిత్రను తెస్తుంది, అమరికలను తీసుకురాదు. వాటిని పంచుకోవాలంటే ఫైలును కమిట్ చేయాలి. అమలు చేసే నిర్ణయం మాత్రం ప్రతి ఒక్కరూ స్వయంగా తీసుకోవాలి. ఏ క్లోన్‌లోనైనా మొదటి పుష్‌కు ముందు 'గిట్ రిమోట్ -వి' చూడటం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పెన్‌డ్రైవ్ నుంచి చేసిన క్లోన్‌లో 'ఒరిజిన్' దేన్ని చూపుతుంది?
2. క్లోన్ చేయకుండా ప్రాజెక్టు ఫోల్డర్‌ను యథాతథంగా కాపీ చేసి ఇస్తే 'కాన్ఫిగ్' ఫైలు ఏమవుతుంది? చిరునామాలో పాస్‌వర్డ్ ఉంటే కలిగే నష్టం ఏమిటి?