గుండెకు తోడుపడు పంపు

మానవుని గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడును. అది నీరసించిన కాళ్లు వాచును, పరుండిన ఊపిరాడదు. మందులకు లొంగని అట్టి వారిలో కొందరికి వైద్యులు గుండె ప్రక్కనే చిన్న పంపును అమర్చుచున్నారు. 1966లో అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్ డిబేకీ ఇట్టి పంపును పది దినములు వాడి, గుండె కోలుకొనగా తొలగించెను.

నేటి పంపు అరచేత ఇముడును. మన పొలములలోని సెంట్రిఫ్యూగల్ పంపుసెట్టు వలెనే ఇందొక చక్రము తిరుగును. అయితే అయస్కాంతశక్తిచే దేనిని తాకక తేలియుండును. పొట్ట చర్మము గుండా వెలికి వచ్చు తీగ దేహమునకు తగిలించుకొను బ్యాటరీలను చేరును. తీగ వెలువడు చోట చీము పట్టనీయరాదు. చెరువులో ఈదరాదు. ఖర్చు నేటికిని సామాన్యునకు అందునది కాదు.

మేమిది పంచాయతీ సభ్యులకు వ్రాయుటకు కారణము కలదు. అట్టి రోగి మీ గ్రామమునకు తిరిగివచ్చిన, కరెంటు నిలుపుదల ఆయనకు ప్రాణసంకటము. బ్యాటరీలు కొన్ని గంటలే వచ్చును. కావున లైనుమనుష్యులకు ముందే తెలుపుడు. రక్తము ఎడతెగని ధారగా పారుటచే ఆయన మణికట్టున నాడి అందకపోవచ్చును. స్పృహ తప్పి పడియున్నచో, నాడి లేదని మరణించినట్లు తలపరాదు. వెంటనే అంబులెన్సును పిలిచి, తీగ ఊడెనేమో, బ్యాటరీ అయిపోయెనేమో చూడవలయును.