ఇంటి మోటారుసైకిలు చైను

ఈ శీర్షికను చూచి మా సోదరీమణులలో కొందరు నవ్వుకొనవచ్చును. వంటయు, బిడ్డల చదువులును చూచుకొను గృహిణికి మోటారుసైకిలు చైనుతో నేమి పని యని యడుగవచ్చును. పని గలదు. మన దేశపు బండ్లలో పెక్కింటికి చైను ఎడమప్రక్కనే యుండును. చీర కట్టుకొని వెనుక కూర్చుండు స్త్రీ కాళ్లు వ్రేలాడునదియు, కొంగు జారునదియు ఆ ప్రక్కనే. వెనుక చక్రములో సగమునకు తక్కువ గాకుండ కప్పునట్టి రక్షణ యుండవలెనని 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములు శాసించుటకు కారణమిదియే. అందముకొరకు ఆ కమ్మిని ఊడదీయించు యువకులు మన యిండ్లలోనే యున్నారు. వారి మాట వినరాదు.

పెట్రోలు స్కూటర్లలో చాలవరకు లోపల బెల్టు తిరుగును గనుక వానికి ఈ శ్రమ లేదు. మోటారుసైకిళ్లకును, పల్లెలలో కూరగాయల మూటలు మోయు మోపెడ్లకును చైను తప్పదు. 1880లో మాంచెస్టరునందు హాన్సు రెనాల్డు రూపొందించిన రోలరు చైనే నేటి వానికి మూలము. "చైను సాగినది" అని మనము వాడుకగా అందుము గాని, నిజమునకు ఇనుము సాగదు. కీలు కీలునను పిన్ను అరుగును. ఒక్కొక్కటి వెండ్రుకవాసి అరిగినను, సుమారు నూరు కీళ్ల యరుగుదల కూడి చైను వదులగును. మిక్కిలి వదులైన చైను పళ్లచక్రమునుండి జారి, వెనుక చక్రమును ఒక్కసారిగా బిగబట్టుటయు కలదు.

అట్లని వీణతీగవలె బిగింపరాదు. మా యింటి బండికి ఒక మెకానికు అట్లే బిగించి యిచ్చెను. ఒంటరిగా నడపినప్పుడు ఏమియు తెలియలేదు. ఇద్దరము కూర్చుండి, బియ్యపు మూట యొకటి పెట్టుకొనగానే బండి మూలుగసాగెను. కారణము తరువాత బోధపడినది. బరువు పడినప్పుడు వెనుక స్ప్రింగులు క్రుంగి, చక్రము పైకి లేచును. ముందు వెనుక పళ్లచక్రముల నడుమ దూరము హెచ్చి, చైను ఇంకను బిగియును. వదులు లేనిచో ఆ లాగుడు ఇంజనులోని బేరింగుపై పడును. కనుక కొంత వదులు లోపము గాదు, అవసరము. చిన్న బండ్లకు సామాన్యముగా 20 మొదలు 30 మిల్లీమీటర్ల వరకు ఉండవలెనందురు. బండితో ఇచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము.

చూచు విధానము సులభము. ఇంజను ఆపి, తాళముచెవి తీసి దగ్గర పెట్టుకొనవలెను. బండిని సెంటరు స్టాండు వేసి, న్యూట్రలులో నుంచవలెను. క్రింది వరుస నడుమ చైనును పుల్లతో పైకిని క్రిందికిని కదలించి, ఎంత కదలునో స్కేలుతో కొలువవలెను. మూత గల బండ్లకు క్రింద రబ్బరు బిరడాతో రంధ్రముండును. చక్రమును చేతితో త్రిప్పుచు నాలుగుచోట్ల చూచి, అన్నింటికంటె బిగువుగా నున్నచోటి కొలతనే గ్రహింపవలెను.

సరిచేయుటకు వెనుక ఇరుసు నట్టును పానాతో వదులు చేసి, ఇరుప్రక్కల నున్న అడ్జస్టరు నట్లను సమానముగా, పావు చుట్టు చొప్పున త్రిప్పవలెను. రెండు ప్రక్కల గీతలును ఒకే అంకెవద్ద నిలువకున్న చక్రము వంకరగా నుండును. ఇరుసు నట్టు గట్టిగా బిగించి, మరల కొలువవలెను; బిగించునప్పుడు కొలత మారుట కలదు. చక్రము వెనుకకు జరిగినచో బ్రేకు కడ్డీ లాగబడును గనుక, బ్రేకు పెడలు ఆటనుగూడ సరిచూడవలెను. దీనిని చాలమంది మరతురు. మొదటిసారి ఇంట చేసినప్పుడు ఇరుసు బిగువును తెలిసిన మెకానికుచే చూపించుకొనుట మంచిది.

శుభ్రపరచుటకు కిరసనాయిలును మెత్తని బ్రష్షును చాలును. పెట్రోలు వలదు, అది నిప్పుకు చుట్టము. పొడిగుడ్డతో తుడిచి, 90 నంబరు గేరు ఆయిలును లోపలివైపు చుక్కలుగా వేసి, మిగిలినది తుడిచివేయవలెను. సుమారు 500 కిలోమీటర్లకొకసారియు, వానలో తడిసిన వెంటనేయు ఇట్లు చేయవలెను. వాడిన నల్లనూనె పోయుట కొందరి యలవాటు. అందులోని మురికియే చైనును అరుగదీయును. టైరుపై నూనె పడనీయరాదు.

ఒక్క మాట మిక్కిలి గట్టిగా చెప్పవలసియున్నది. కొందరు పని త్వరగా ముగియునని ఇంజను నడుచుచుండగనే, గేరు వేసి, తిరుగు చైనును గుడ్డతో తుడుతురు. గుడ్డ పళ్లలో చిక్కును. గుడ్డతో వ్రేళ్లును పోవును. చక్రమును చేతితోనే త్రిప్పవలెను. అప్పుడును దగ్గర పసిబిడ్డలుండరాదు. తండ్రి త్రిప్పుచుండగా బిడ్డ ఆటగా వ్రేలు పెట్టుట క్షణములో జరుగును.

పళ్లు కొడవలి మొనవలె వంగినను, వెనుక పళ్లచక్రముపై చైనును పట్టి లాగగా పళ్లు బయటపడునంత యెడమైనను, ఇక బిగించి లాభము లేదు. చైనును, రెండు పళ్లచక్రములను కలిపి సెట్టుగానే మార్పించవలెను. పాత పళ్లపై క్రొత్త చైను వేసినచో అదియు త్వరలోనే చెడును.