ముసలి ట్రాక్టరు.. చుక్కలు చూపిస్తోంది!
నూనె లీకు సంగతి తేల్చాకే రంగూ హంగూ

చెన్నై: పాత ట్రాక్టరు బేరానికి వస్తే కొనేవాళ్లు ముందు టైర్లు చూస్తారు. తర్వాత స్టార్టు చేయించి పొగ రంగు చూస్తారు. చెయ్యి తిరిగిన మెకానిక్కు మాత్రం నడుం వంచి బండి కిందికి తొంగి చూస్తాడు. రాత్రంతా నిలబెట్టిన చోట మరక ఎక్కడ పడింది? ఎంత పడింది? ఏ రంగులో ఉంది? బండి జాతకం సగం అక్కడే తెలిసిపోతుంది.

పదేళ్లో ఇరవయ్యేళ్లో కొట్టంలో పడి ఉన్న నాన్నగారి బండిని మళ్లీ నడిపించాలని ముచ్చటపడే వాళ్లు తిరువళ్లూరు, ఊత్తుకోట, పళ్లిపట్టు వైపు ఇప్పుడూ ఉన్నారు. చాలామంది చేసే పని ఒకటే. ముందు ఎర్ర రంగు కొట్టిస్తారు, కొత్త సీటు వేయిస్తారు. నెల తిరక్కుండానే ఆ రంగుమీద నల్లటి చారలు దిగుతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు ఖర్చు.

పుట్టిల్లు సెంబియం
ఈ ప్రాంతంలో కనిపించే పాత బండ్లలో మాసీ ఫెర్గూసన్‌ది పెద్ద వాటా. దాని పుట్టిల్లు చెన్నైయే. 1960లో మొదలైన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ ఒప్పందంతో సెంబియంలో ట్రాక్టర్లు తయారుచేసింది. ఇంజన్లు అదే అమాల్గమేషన్స్ గ్రూపులోని సింప్సన్‌వి. 1840లో గుర్రపు బండ్ల తయారీతో మద్రాసులో మొదలైన సింప్సన్, తర్వాతి కాలంలో బ్రిటన్‌లోని పెర్కిన్స్ నమూనాలతో డీజిలు ఇంజన్లు చేసింది. రైతులు ‘వెయ్యీ ముప్ఫై అయిదు’ అని పిలుచుకునే 1035 బండి కూడా 1950ల నాటి బ్రిటిష్ 35 మోడలు సంతతే. ఈ ‘మాసీ’ పేరుమీద అమెరికా కంపెనీ ఆగ్కోతో టాఫేకు నడిచిన తగాదా 2025లో రాజీతో ముగిసింది. భారత్, నేపాల్, భూటాన్‌లలో ఆ పేరు టాఫేకే దక్కింది.

ఎన్నో ఏళ్లపాటు ఒకే అచ్చులో బండ్లు రావడం రైతుకు మేలే చేసింది. పాత బండి కదా, సామాను దొరకదేమో అన్న బెంగ అంతగా లేదు. కొత్త సీళ్లు, ప్యాకింగులకు జీపీ రోడ్డు, విప్పిన పాత సామానుకు పుదుప్పేట ఉండనే ఉన్నాయి. చిక్కల్లా ఏ సీలు మార్చాలో తెలియకపోవడంతోనే.

ఏ నూనె? ఎక్కడినుంచి?
బండిలో నూనె ఒకటి కాదు. ఇంజను ఆయిలు వాడేకొద్దీ నల్లబడుతుంది. గేరు బాక్సు, వెనక క్రౌను, హైడ్రాలిక్కు.. ఈ మూడింటికీ ఈ రకం బండ్లలో ఒకే నూనె. అది తేనె రంగులో ఉంటుంది, నీళ్లు చేరితే పాలు కలిపిన టీలా మారుతుంది. డీజిలు పల్చన, వాసన పట్టిస్తుంది. చుక్కను వేళ్ల మధ్య రుద్ది చూస్తే చాలు, ఏ గదిలోంచి వస్తోందో తెలిసిపోతుంది.

చుక్క పడే చోటే లీకు ఉన్నచోటు అనుకోవడం పెద్ద పొరపాటు. నూనె కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. పైన టాపెట్ కవరు దగ్గర కారేది చాంబరు అడుగున చుక్కై వేలాడుతుంది. అందుకే ముందు కిరోసిన్‌తో, బ్రష్షుతో ఇంజనును కడిగి తుడిచి ఆరబెట్టాలి. అనుమానమున్న చోట్ల టాల్కం పౌడరు చల్లి పది నిమిషాలు ఇంజను నడిపితే తడి గీత బయటపడుతుంది. ఆ గీతలో అన్నింటికన్నా పైనున్న చోటే అసలు దోషి.

ఇక నూనె తగ్గడంకన్నా పెరగడం మరీ చెడ్డది. గేజి కడ్డీ తీస్తే మట్టం పైకి ఉండి, నూనె పల్చగా, డీజిలు వాసన వస్తోందా? డయాఫ్రం రకం ఫీడు పంపు ఉన్న బండ్లలో ఆ రబ్బరు చిరిగి డీజిలు చాంబరులోకి దిగుతోందేమో చూడాలి. అలాంటి బండిని స్టార్టు చేయడమే తప్పు. పల్చబడ్డ నూనె బేరింగులను కాపాడలేదు.

ఊపిరాడకే కక్కుతుంది
సీళ్ల జోలికి వెళ్లేముందు చూడాల్సింది బ్రీదరు. పిస్టను పక్కనుంచి ఎంతోకొంత గాలి చాంబరులోకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోయే గొట్టమే బ్రీదరు. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో అందులో మట్టి పేరుకుంటుంది, ఒక్కోసారి కుమ్మరి పురుగు గూడు కట్టేస్తుంది. దారి మూసుకుంటే లోపలి గాలి నూనెను సీళ్లలోంచి బయటికి నెడుతుంది. తీగ పెట్టి గొట్టం శుభ్రం చేస్తే ఖర్చు సున్నా! దాన్ని చూడకుండా సీళ్లు మార్చిన వాళ్లు ఎందరో.

బ్రీదరు బాగున్నా, ఆయిలు పోసే మూత తీయగానే పొగ గుప్పుగుప్పున తన్నుతుంటే రింగులో, బోరో పోయిందని గుర్తు. అప్పుడు బోరు పని చేయించాల్సిందే. అది వాయిదా వేసి కొత్త సీలు వేస్తే ఎంతోకాలం నిలవదు.

టాపెట్ కవరు లీకుకు మందు తేలికే. అక్కడుండేది కార్కు ప్యాకింగు. కారుతోందని నట్టు ఇంకా బిగిస్తే కార్కు నలుగుతుంది, రేకు వంగుతుంది, లీకు పెరుగుతుంది. సిలికాన్ పేస్టు కూడా మెతుకంత చాలు. గిన్నెడు పూస్తే లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి ఆయిలు పంపు జల్లెడకు అడ్డం పడతాయి.

పిన్ను చెప్పే నిజం
క్లచ్చు హౌసింగు అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా ఊగే స్ప్లిట్ పిన్ను ఉంటుంది. ఊరికే పెట్టింది కాదు. లోపల చేరిన నూనె బయటికి పోవాలి, రంధ్రం మట్టితో మూసుకోకూడదు, అందుకే ఆ ఊగే పిన్ను. అక్కడ పడేది నల్లటి నూనైతే ఇంజను వెనక సీలు పోయినట్టు. తేనె రంగైతే గేరు బాక్సు ముందు సీలు. కొందరు ‘చుక్క ఆగాలి’ అని ఆ రంధ్రానికే బిరడా కొడతారు. చుక్క ఆగుతుంది నిజమే, నూనె క్లచ్చు ప్లేటుకు పట్టి బరువు లాగే వేళ బండి జారిపోతుంది.

ఈ రెండు సీళ్లలో ఏది మార్చాలన్నా ట్రాక్టరును రెండు ముక్కలు చేయాల్సిందే. ఈ బండ్లకు లారీలా చాసిస్ ఉండదు. ఇంజను, హౌసింగు, గేరు బాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి అవే వెన్నెముక. ముందు యాక్సిలేమో మధ్యలో ఒక్క పిన్నుమీద ఊగుతుంటుంది. రెండువైపులా చెక్క ముక్కలు దిగగొట్టకుండా విడదీస్తే ఇంజను పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరడం ప్రాణంతో చెలగాటమే.

పాత పెర్కిన్స్ తరహా ఇంజన్లలో వెనక సీలు రబ్బరు రింగు కాదు, గాడిలో కూర్చునే తాడు. పైసగం, కిందిసగం విడివిడిగా ఉంటాయి. గుండ్రటి కడ్డీతో గాడిలోకి నొక్కి, చివరలు మిల్లీమీటరులో పావువంతు నుంచి సగం దాకా పైకి ఉండేలా వదలాలి. సమంగా కోస్తే అతుకు దగ్గర కారుతుంది. ఎక్కువ వదిలితే హౌసింగు సరిగా కూర్చోదు. ఈ పని తెలిసిన పెద్ద మెకానిక్కును వెతుక్కోవడమే మేలు. ఎలాగూ విప్పారు కాబట్టి క్లచ్చు ప్లేటు, రిలీజు బేరింగు, గేరు బాక్సు సీలు కూడా అప్పుడే చూసుకోవాలి. రెండోసారి విప్పుడు కూలి మిగులుతుంది.

బ్రేకు తడిస్తే..
అన్నింటికన్నా నిర్లక్ష్యం చేయకూడని లీకు వెనక చక్రాలది. పాత బండ్లలో బ్రేకు డ్రమ్ములు పొడిగా ఉండాలి. యాక్సిలు సీలు పోతే నూనె నేరుగా లైనింగు మీద పడుతుంది. ఒకవైపే తడిస్తే బ్రేకు తొక్కగానే బండి రెండోవైపు లాగుతుంది. చెరుకు ట్రైలరు తగిలించి రోడ్డెక్కిన వేళ అలా జరిగితే? నూనె తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి వాడేద్దాం అనుకోవద్దు, వేడెక్కితే మళ్లీ చెమ్మ వదులుతుంది. కొత్తది వేయాలి. చక్రాన్ని ఎత్తి ఊపి చూసి, బేరింగు ఆడుతుంటే దాన్నీ మార్చాలి. ఆడే షాఫ్టుమీద ఏ సీలూ ఆగదు. బేరింగు, కాలరు గట్టిగా బిగిసి ఉంటాయి కనుక ప్రెస్సున్న లేతు షాపుకు తీసుకెళ్లడం తప్పదు.

సీలు కొనేటప్పుడు పాతదాన్ని చేత పట్టుకెళ్లాలి. దానిమీది అంకెలు లోపలి కొలత, బయటి కొలత, మందం చెబుతాయి. షాఫ్టుమీద గోరు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలూ కారుతుంది. పల్చటి స్టీలు తొడుగు వేయించడమో, సీలును కాస్త లోపలికి జరిపి కూర్చోబెట్టడమో చేయాలి.

సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా ఎనిమిది గంటల దుక్కికి దాదాపు లీటరున్నర పోతుంది. అయితే తాడు సీలున్న ముసలి ఇంజను కొత్తదానిలా పూర్తిగా పొడిగా ఉండాలని పట్టుబట్టడమూ వృథానే. అతుకుల దగ్గర దుమ్ము అంటుకునేంత చెమ్మ ఉంటే ఉండనివ్వొచ్చు. కింద పరిచిన అట్టముక్కమీద తెల్లారేసరికి చుక్క కనిపిస్తేనే మళ్లీ స్పానరు పట్టాలి. అట్ట వరసగా నాలుగైదు రోజులు, పని చేయించాక కూడా శుభ్రంగా ఉందంటే పెయింటరును పిలవొచ్చు.