ఆంప్లిఫయరునకు, తీగకు, స్పీకరునకు పొత్తు

ఇంటిలో కూర్చుండి చక్కని సంగీతము వినవలెనను కోరిక నేడు చాలమందికి కలదు. అందులకు ముఖ్యముగా మూడు వస్తువులు కావలెను. సన్నని విద్యుత్సంకేతమునకు బలము చేకూర్చు ఆంప్లిఫయరు ఒకటి. ఆ బలమును శబ్దముగా మార్చు స్పీకరు రెండవది. ఈ రెంటిని కలుపు తీగ మూడవది. వీనిలో దేనికది ఎంత మేలైనదైనను, ఒకదానితో నొకటి పొసగనిచో పెట్టిన ధనమునకు తగిన ఫలము దక్కదు. ఎద్దులు రెండును మంచివే యైనను జత కుదరనిచో బండి సాగదు గదా! ఆ జత కుదుర్చు విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

ఈ విషయమును నేను పుస్తకములు చూచి మొదట నేర్చుకొనలేదు, నష్టపడి నేర్చుకొంటిని. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంట మేనల్లుని ఉపనయనము జరిగెను. అప్పుడు నాయొద్ద 20 వాట్ల చిన్న ఆంప్లిఫయరును, 100 వాట్ల స్పీకర్ల జతయును ఉండెను. ఆ స్పీకర్లు మా నాయనగారు తమ పింఛను సొమ్ములో మిగిల్చి కొని యిచ్చినవి. 100 వాట్లు భరించు స్పీకరును 20 వాట్ల ఆంప్లిఫయరు ఏమి చేయగలదని నేను నిశ్చింతగా నుంటిని. హాలులో నలువదిమంది చేరిరి. వారి మాటల సందడిలో నాదస్వరము వినబడలేదు. నేను మీటను చివరకంట త్రిప్పితిని. గంట గడచునప్పటికి రెండు స్పీకర్లలోను తారస్థాయి మాయమై, పాట దుప్పటి కప్పిన చందమున వినవచ్చెను. చిన్న శబ్దోత్పాదకములు, అనగా ట్వీటర్లు, రెండును కాలిపోయినవి. నాయనగారు ఏమియు అనలేదు. అనినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఇరువది వాట్లు నూఱు వాట్లను ఎట్లు కాల్చెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో, ఈ విషయమున సగము తెలిసినట్లే.

ప్రతి ఆంప్లిఫయరునకును వోల్టేజిలో ఒక హద్దు కలదు. 8 ఓముల స్పీకరునకు 20 వాట్లు ఈయగల యంత్రము, తరంగ శిఖరమున సుమారు 18 వోల్టులవఱకు పోగలదు. అంతకుమించి అడిగినచో ఈయలేదు; తరంగము యొక్క శిఖరము కత్తితో కోసినట్లు చదునైపోవును. ఇందువలన రెండు కీడులు కలవు. మొదటిది: గుండ్రని తరంగమునకు బదులు చదునైన తరంగము వచ్చునప్పుడు శక్తి పెరుగును. పూర్తిగా చదునైనచో అదే 20 వాట్ల యంత్రము 40 వాట్లకు చేరువగా ఇచ్చును. రెండవది: సంగీతమున లేని క్రొత్త కంపనములు అనేకము పుట్టును. ఇవి యన్నియు హెచ్చు స్థాయికి చెందినవి గనుక ట్వీటరునకే పోయి చేరును. స్పీకరుపై వ్రాసిన 100 వాట్లు మొత్తము పెట్టెకు చెందిన లెక్క. సాధారణ సంగీతమున శక్తిలో అధికభాగము మంద్ర, మధ్యస్థాయులలోనే యుండును. ట్వీటరు వంతు బహు స్వల్పము. దాని తీగచుట్ట వెంట్రుకవలె సన్నము. ఆ చుట్ట భరింపలేని వేడి దానికి చేరినది. కావున పెద్ద స్పీకరునకు చిన్న ఆంప్లిఫయరు క్షేమమను మాట, మీటను అదుపులో నుంచువారి విషయముననే నిజము.

అట్లయిన ఎన్ని వాట్లు కావలెను? దీనికి వాట్లను మాత్రమే చూచిన చాలదు. స్పీకరు వివరపత్రమున మఱియొక అంకె యుండును. 1 వాటు శక్తి నిచ్చి, 1 మీటరు దూరమున కొలిచినచో ఎన్ని డెసిబెల్ల శబ్దము వచ్చునో ఆ యంకె తెలుపును. దానిని స్పీకరు యొక్క సూక్ష్మగ్రాహ్యత యందురు. ఇక్కడ రెండు సూత్రములు జ్ఞాపక ముంచుకొనవలెను. శక్తి రెండింతలైన శబ్దము 3 డెసిబెల్లు మాత్రమే పెరుగును. శక్తి పదింతలైన 10 డెసిబెల్లు పెరుగును. చెవికి అది సుమారు రెండింతల బిగ్గఱగా తోచును.

ఒక ఉదాహరణము చూతము. 86 డెసిబెల్ల స్పీకరు మీ హాలులో నున్నది. మీరు 3 మీటర్ల దూరమున కూర్చున్నారు. బయలునందైనచో అంత దూరమునకు 9 డెసిబెల్లకు పైగా తగ్గును. గదిలో గోడలు శబ్దమును త్రిప్పి పంపుటచేతను, స్పీకర్లు రెండగుటచేతను అంత తగ్గదు. 6 తగ్గునని అనుకొందము. అనగా 1 వాటుకు మీ చెవికి 80 డెసిబెల్లు చేరును. నెమ్మదిగా కచేరి వినుటకు సగటున 75 చాలును. దానికి వాటులో మూడవవంతు మాత్రమే కావలెను. ఇంతేనా యని ఆశ్చర్యపడవలదు. మృదంగముపై చేయి పడిన క్షణమున శబ్దము ఆ సగటుకంటె 20 డెసిబెల్లు పైకి లేవవచ్చును. ఆ రెప్పపాటు కాలమునకు 30 వాట్లకు పైగా కావలెను. అది లేనిచో శిఖరము చదునై, మృదంగపు నాదము డప్పగా వినబడును. కావున ఇట్టి గదికి, ఇట్టి స్పీకరునకు 40 మొదలు 60 వాట్ల ఆంప్లిఫయరు తగినది.

అదే స్పీకరు 86కు బదులు 89 డెసిబెల్లదైనచో, సగము వాట్లతోనే అంత శబ్దము వచ్చును. ఈ యొక్క అంకెను అంగడిలో చాలమంది అడుగరు. అయితే ఇందులో నొక చిక్కు కలదు. కొందఱు తయారీదారులు 1 వాటునకు బదులు 2.83 వోల్టులకు ఈ యంకె నిత్తురు. 8 ఓముల స్పీకరునకు ఆ వోల్టులు సరిగా 1 వాటే యగును. 4 ఓముల స్పీకరునకు 2 వాట్లగును. కావున 4 ఓముల స్పీకరు 89 అని చెప్పినచో, వాటు లెక్కన అది 86 మాత్రమే.

ఉపనయనమునాడు నేను చేసిన తప్పు ఇప్పుడు మీకు తెలిసియుండును. నలువదిమంది సందడిని మించుటకు నాకు కనీసము 10 డెసిబెల్లు ఎక్కువ కావలసివచ్చెను. అనగా పదింతల శక్తి. 20 వాట్ల యంత్రమును 200 వాట్లు పుట్టింపుమని అడిగితిని. అది తన చేతనైనది ఇచ్చి, తక్కినదానికి బదులు వికారమైన తరంగము నిచ్చెను.

ఇక ఓముల సంగతి. స్పీకరు వెనుక 8 అనియో, 6 అనియో, 4 అనియో వ్రాసియుండును. ఇది విద్యుత్ప్రవాహమునకు స్పీకరు కలుగజేయు అవరోధము. అవరోధము తగ్గినకొలది ప్రవాహము హెచ్చును. ఇది ఓము మహాశయుడు 1827లో ప్రకటించిన సూత్రమే. 20 వోల్టులు 8 ఓముల గుండ 2.5 ఆంపియరులను, 4 ఓముల గుండ 5 ఆంపియరులను పంపును. ఆ ప్రవాహము నిచ్చుటకు ఆంప్లిఫయరు వేడెక్కును. మీ యంత్రము వెనుక «8 మొదలు 16 ఓములు» అని వ్రాసియున్నచో, దానికి 4 ఓముల స్పీకరును తగిలింపరాదు. 8 ఓముల స్పీకర్లు రెండు ప్రక్కప్రక్కగా ఒకే జత కొనలకు తగిలించిననను 4 ఓములే యగునని మఱవరాదు.

మఱియొక సంగతి. స్పీకరుపై వ్రాసిన అంకె స్థిరమైనది కాదు. ఒకే స్పీకరు ఒక స్వరమునొద్ద 6 ఓములు, మఱియొక స్వరమునొద్ద 20 ఓములు, మంద్రస్థాయి అనునాదమునొద్ద అంతకంటె హెచ్చుగ కూడ ఉండవచ్చును. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము వ్రాసిన అంకెలో 80 శాతమునకు దిగువకు అవరోధము పోరాదు. అనగా 8 ఓముల స్పీకరు 6.4కు, 4 ఓముల స్పీకరు 3.2కు తగ్గరాదు. అందఱును దీనిని పాటింపరు గనుక, కనిష్ఠమైన అంకె యేదో వివరపత్రమున చూచుట మేలు.

ఆంప్లిఫయరు అవరోధమును స్పీకరు అవరోధమును సమానముగ నుండవలెనని కొందఱు నమ్ముదురు. అది పొరపాటు. సమానమైనచో శక్తిలో సగము ఆంప్లిఫయరులోనే వేడియై పోవును. మంచి ట్రాన్సిస్టరు యంత్రము యొక్క లోపలి అవరోధము ఓములో పదియవవంతో, అంతకంటె తక్కువో ఉండును, అదియే మేలు. అట్లున్నప్పుడు స్పీకరు పలక తనంత తాను ఊగిసలాడక, స్వరము ఆగిన వెంటనే ఆగుటకు వీలగును. పాత వాల్వు యంత్రముల పద్ధతి వేఱు. వానిలో 4, 8, 16 అని వేర్వేఱు కొనలు గల ట్రాన్సుఫార్మరు ఉండును. స్పీకరు అంకెకు సరియైన కొనకు దానిని తగిలింపవలెను. వాల్వు యంత్రమును స్పీకరు లేకుండ పాడించినచో ట్రాన్సుఫార్మరు చెడిపోవచ్చును. ట్రాన్సిస్టరు యంత్రమునకు ఆ భయము లేదు గాని, దాని రెండు కొనలును ఒకదానితో నొకటి తగులరాదు.

ఇప్పుడు తీగను గూర్చి. ఈ విషయమున జరుగుచున్నంత వ్యర్థవ్యయము వేఱొకచోట లేదు. ఒకవైపు కాలింగుబెల్లునకు వాడు సన్నని తీగతో సరిపుచ్చువారు, మఱియొకవైపు స్పీకర్లకంటె ఖరీదైన తీగలు కొనువారు. ఇరువురును లెక్క వేయనివారే. ఇంటిలో వాడు దూరములకు తీగలో ప్రధానముగ చూడవలసినది దాని నిరోధము. 1 చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగకు మీటరు 1కి 0.0172 ఓము నిరోధముండును. పోవుటకు ఒకటి, వచ్చుటకు ఒకటి, రెండు తీగలుండును గనుక దూరమును రెండింతలు చేసి లెక్కింపవలెను.

అర చదరపు మిల్లీమీటరు సన్నతీగతో 10 మీటర్ల దూరమునకు స్పీకరును కలిపితిమనుకొనుడు. నిరోధము 0.69 ఓము. స్పీకరు 4 ఓములదైనచో దానికి చేరు శక్తి నాలుగవవంతుకు పైగా తగ్గును. అంతకంటె పెద్ద దోషమేమనగా, అవరోధము తక్కువగు స్వరమునొద్ద నష్టము హెచ్చుగను, ఎక్కువగు స్వరమునొద్ద స్వల్పముగను ఉండుటచే పాట యొక్క పోలికయే మాఱును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నిరోధము 0.14 ఓము మాత్రమే. భేదము చెవికి అందుట కష్టము. తీగ నిరోధము స్పీకరు అంకెలో 5 శాతమునకు మించరాదను నియమము పెట్టుకొన్నచో, 8 ఓముల స్పీకరునకు 1 చదరపు మిల్లీమీటరు తీగ 11 మీటర్లవఱకు చాలును. 4 ఓముల స్పీకరునకు అదే తీగ 5 మీటర్లకే చాలును, 1.5 తీగ 8 మీటర్లకు, 2.5 తీగ 14 మీటర్లకు వచ్చును. ఇండ్లకు విద్యుత్తు పెట్టు పనివారు వాడు అనేక పోగుల మెత్తని రాగితీగయే దీనికి చాలును. రాగి పూత వేసిన అల్యూమినియము తీగను మాత్రము చూచి మోసపోవలదు. అల్యూమినియము నిరోధము రాగికంటె ఒకటిన్నర రెట్లకు మించును. కొనను గీకి చూచినచో లోపలి తెలుపు బయటపడును.

తీగ కొనలను తగిలించునప్పుడు ఒక్క పోగైనను ప్రక్క కొనకు తగులకుండ మెలిపెట్టవలెను. ఎఱ్ఱ కొనకు ఎఱ్ఱ కొనను, నల్ల కొనకు నల్ల కొనను రెండు స్పీకర్లకును ఒకే రీతిని కలుపవలెను. ఒకటి తాఱుమాఱైనచో ఒక స్పీకరు పలక ముందుకు వచ్చునప్పుడు రెండవది వెనుకకు పోయి, మంద్రస్వరములు ఒకదాని నొకటి చంపుకొనును. గుర్తు చెఱిగిపోయినచో, ఆంప్లిఫయరునుండి విడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీని స్పీకరు కొనలకు ఒక్క క్షణము తాకించి చూడుడు. పెద్ద పలక ముందుకు కదలినచో బ్యాటరీ ధనపు కొన తగిలినదియే ఎఱ్ఱ కొన.

మా ఇంట ఆ స్పీకర్లకు క్రొత్త ట్వీటర్లు వేయించితిని. ఆంప్లిఫయరును 60 వాట్లదిగ మార్చితిని. మీటకు ప్రక్కన గోడమీద సుద్దతో ఒక గీత గీచి, దానిని దాటరాదని పిల్లలకు చెప్పితిని. ఆ గీత స్పీకర్ల కొఱకు మాత్రమే కాదు. 85 డెసిబెల్ల శబ్దమును రోజుకు 8 గంటలకు మించి వినరాదనియు, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకును కాలము సగమగుననియు పనివారి చెవుల రక్షణకై ఏర్పడిన లెక్క. ట్వీటరు కాలినచో వేఱొకటి దొరకును. చెవి చెడినచో దొరకదు.

ఇప్పటికిని ప్రతిదినము ప్రాతఃకాలమున నాయనగారు ఆ స్పీకర్లయెదుట కుర్చీ వేసికొని వీణ విందురు. మీట సగమునకు కూడ పోదు. తంత్రి మీటిన తరువాత నాదము క్రమముగ సన్నగిల్లి ఆగువఱకు వినబడుచున్నదని వారు చెప్పుదురు. కొనబోవు వారు మొదట గదిని కొలిచి, పిమ్మట స్పీకరును ఎంచి, తరువాత దానికి తగిన ఆంప్లిఫయరును, కడపట తీగను కొనవలసినదని చెప్పి ఇంతటితో విరమించుచున్నాను.