పాతయింటి కప్పు దింపినపుడు మల్బా తరలించు విధము

మన సభ్యులలో పలువురి బిడ్డలు ఉద్యోగపు పరీక్షల చదువునకై హైదరాబాదున అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతములందు బస చేసియున్నారు. కొందఱికి అచ్చటను, నారాయణగూడలోను పెద్దలు కొనియుంచిన చిన్న యిండ్లు గలవు. అట్టి యొక యింటి స్లాబు తీయించి క్రొత్తది వేయించిన సభ్యులొకరు తమ కష్టమును మాకు చెప్పుకొనిరి. సిమెంటెంత, ఇనుమెంత యని మేస్త్రీతో నెల దినములు బేరమాడిన వారు, దింపిన పాత కప్పు ఎచ్చటికి పోవునో ఒక్క మాటయు అడుగలేదు. ట్రాక్టరువాడు రాత్రివేళ నాలుగు ట్రిప్పులు తోలి, సొమ్ము తీసికొని పోయెను. తెల్లవారునప్పటికి ఆ ముక్కలన్నియు హుస్సేన్ సాగర్ నాలా గట్టున పడియుండెను. లోకప్పునకు వేసిన నీలిరంగును బట్టి ఇరుగుపొరుగువారే గుర్తించిరి. మరల ఎత్తించుటకు రెండవ కూలియు, పైగా జుల్మానాయు వారికి తప్పలేదు.

కూల్చిన కట్టడపు మట్టి, పెంకు, ఇటుక ముక్కలను హైదరాబాదున మల్బా యందురు. అమెరికా దేశమున నిట్టి పనికి పెద్ద యినుప తొట్టిని అద్దెకు తెచ్చి యింటి ముందుంచుకొందురు. నిండిన పిదప లారీ వచ్చి తొట్టితో సహా ఎత్తుకొని పోవును. టెన్నెసీ రాష్ట్రమున నాక్స్‌విల్ నగరవాసియగు జార్జి డెంప్‌స్టర్ 1930 ప్రాంతపు దశాబ్దమున దీనిని వాడుకలోనికి తెచ్చెను. ఆయన పేరును బట్టియే దానికి డంప్‌స్టర్ అను పేరు వచ్చినది. మన చిక్కడపల్లి గల్లీలలో రెండు స్కూటర్లు ఎదురైనచో నొకటి వెనుకకు పోవలసినదే. అచ్చట తొట్టి యుంచుటకు తావేది? కావున ఇచ్చట అద్దెకు దొరకునవి ట్రాక్టరు ట్రాలీ, టాటా ఏస్ బండి, వీథి వెడల్పుగా నున్నచో టిప్పరు. పెద్ద లారీలు పగటివేళ ముఖ్య వీథులలో తిరుగుటకు నిషేధపు గంటలు గలవు. వానిని ముందుగా తెలిసికొనవలెను.

బండి మాటాడుకొనుటకు ముందు బరువు లెక్కింపవలెను. ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవు గల యింటిని తీసికొందము. దానికి బెంగుళూరు పెంకుల కప్పున్నచో సుమారు 900 పెంకులుండును. ఒక్కొక్కటి రెండున్నర కిలోల చొప్పున మొత్తము రెండు టన్నులకు కొంచెము పైన. అదే కొలత యింటికి అయిదంగుళముల కాంక్రీటు స్లాబున్నచో 250 ఘనపుటడుగులు. ఘనపుటడుగునకు 70 కిలోల చొప్పున పదునేడున్నర టన్నులు! పగులగొట్టిన పిదప ముక్కల నడుమ ఖాళీ చేరి, ఆ రాశి ఒకటిన్నర రెట్లగును. నూఱు ఘనపుటడుగులు పట్టు ట్రాలీకి నాలుగు ట్రిప్పులు కావలసివచ్చును. పెంకుటింటివానికి చాలిన బండి స్లాబుటింటివానికి చాలదు. ట్రాలీ ప్రక్కలకు పలకలు నిలిపి ఎత్తుగా నింపుట కూడదు, ఇరుసు విరుగును.

మల్బాగా పోవలసినది తక్కువ యగుకొలది కూలియు తగ్గును. వాసములు, దూలములు, మంచి పెంకులు చేతితో దింపించి వేఱుగా పేర్చింపవలెను. టేకు దూలమునకు పాత కలప దుకాణములలో మంచి ధర పలుకును. స్లాబులోని యినుప చువ్వలను కబాడీవారు తూచి కొందురు. మేస్త్రీలు కొందఱు ఇవి తమవే యని తలంతురు, ముందే తేల్చుకొనుడు.

సిమెంటు రేకుల సంగతి వేఱు. 1946లో హైదరాబాదుననే ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల సంస్థ నెలకొని, చార్మినార్ పేర రేకులు విక్రయించుటచే, నగరమున వీని వాడుక విస్తారమయ్యెను. రేకు కదలక యున్నంతవఱకు అపాయము స్వల్పము. పగులగొట్టినను, కోసినను అందలి రాతినార కంటికి కానరాని ధూళియై ఊపిరితిత్తులలో చేరును. దానివలన కలుగు క్యాన్సరు ఇరువది, ముప్పది సంవత్సరములకు గాని బయటపడదు. కూలివాడు అప్పటికి ఆ పనినే మఱచియుండును. కనుక రేకులను నీటితో తడిపి, బోల్టులు విప్పి, విరువక నిండుగా దింపింపవలెను. కూలీలకు ధూళిని ఆపు మంచి మాస్కులు ఈయవలెను. నోటికి కట్టిన తువ్వాలు చాలదు. విరిగిన ముక్కలను మందమగు ప్లాస్టిక్ సంచులలో మూటకట్టి, తక్కిన మల్బాలో కలుపక, నగరపాలక కార్యాలయమున నడిగి వారు చూపిన చోటికే పంపవలెను.

ఇక గమ్యము మాట. హుస్సేన్ సాగరపు మిగులునీరు మా సభ్యుని మల్బా పడిన ఆ నాలా గుండనే అశోక్ నగర్ ప్రక్కగా సాగి మూసీలో కలియును. 2000 ఆగస్టు 24న ఒక్క దినముననే 24 సెంటీమీటర్ల వాన కురిసినపుడును, 2020 అక్టోబరున కుంభవృష్టి కలిగినపుడును దీని యొడ్డు బస్తీలలో ఇండ్లలోనికి నీరు చొచ్చినది. నాలా ఇఱుకగుటకు ఆక్రమణలు, పూడిక మున్నగు కారణములు పెక్కు గలవు; మల్బా వానిలో నొకటి. కాలువ పూడినచో నీరు ఎవని పొలము మీదికి పొర్లునో రైతునకు మేము చెప్పనక్కఱలేదు.

కేంద్ర ప్రభుత్వము కట్టడపు వ్యర్థములకు 2016లో ప్రత్యేక నిబంధనలు చేసినది. 2025లో వానికి బదులు క్రొత్తవి ప్రకటించినది. నగరమున జీడిమెట్లలో 2020 నవంబరున దినమునకు 500 టన్నుల మల్బాను శుద్ధిచేయు కర్మాగారము ప్రారంభమైనది. ఫతుల్లాగూడలో మఱియొకటి గలదు. అచ్చట ముక్కలను నూఱి, కడిగి, ఇసుకగాను కంకరగాను వేఱుచేసి, కాలిబాటలకు పఱచు దిమ్మలు కూడ పోయుదురు. బండివానితో ట్రిప్పు లెక్కను మాటాడినచో సగము నింపి తోలును. గుత్తకు మాటాడినచో సమీపమున గుమ్మరించును. ఏ విధమున మాటాడినను కడపటి మూడవ వంతు సొమ్మును, కర్మాగారపు కాటా చీటీ చేతికి వచ్చిన పిదపనే యిచ్చుట మేలని మా యభిప్రాయము. కాటా చీటీ లేనిదే ధాన్యపు సొమ్ము రాదని యెఱిగిన మనకిది క్రొత్త కాదు.

ఒకే వీథిలో ఇద్దఱు, ముగ్గురు సభ్యుల యిండ్లున్నచో ఒకే వారమున పని పెట్టుకొని బండిని కలసి మాటాడుకొనవచ్చును. కొందఱు ఆ మల్బాను ఊరికి తెచ్చి బండ్లబాట గుంతలలో పోయింతుమా యని అడిగిరి. ఇటుక, సున్నము మాత్రమైనచో పోయవచ్చును. రేకు ముక్క యొక్కటియు రాకూడదు. మేకులు, గాజు పెంకులు ఏరి తీసిన పిదపనే పోయవలెను, లేనిచో ఎద్దుల గిట్టలలో దిగును.